నడుముకి కట్టిన నీళ్ళు

పన్నెండో డజను చొక్కాల మీద ఉండగా గేటు దగ్గర్నించి అత్తగారి గొంతు వినబడింది. ఆ షెడ్డులో అరవై మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే ఎవరి తుమ్ము వాళ్ళకే వినబడదు. అయినా ఆ గొంతు వినబడిందంటే వింతేమీ లేదు. ఆవిడ కేకేస్తే రెండు వీధుల అవతల కాకులు దారి మార్చుకుంటాయని వాళ్ళుండే లైన్లో చెప్పుకుంటారు. అబద్ధమనుకుంటే మీ ఇష్టం. ఆ ఇంటి మీద కాకి వాలగా చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

కోడలు మిషను ఆపింది. చొక్కాకి ఏడు బొత్తాలు. డజను చొక్కాలకి తొమ్మిది రూపాయలు. రోజుకి పాతిక డజన్లు దాటితేనే ఆ రేటు, దాటకపోతే డజనుకి ఆరే. పదిహేనేళ్ళుగా ఆ బొత్తాల మీదే బతుకుతున్న మనిషి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె బొత్తాలక్క. అసలు పేరు రేషను కార్డులో ఉంది, భద్రంగా.

ఆమె లేచి వెళ్తుంటే మేస్త్రీ గడియారం చూశాడు. మూడింటికి వదలమని నీళ్ళాఫీసు వాళ్ళిచ్చిన చీటీ ఆయన జేబులోనే ఉంది. పదకొండింటికే ఆ చీటీకి కాళ్ళెలా వచ్చాయని అడిగాడు. ఆ పూట పాతిక డజన్ల మాట అక్కడితో సరి.

గేటు బయట అత్తగారు చెప్పులు లేకుండా నిలబడి ఉంది. ఆవిడ చెప్పులు మర్చిపోయి వచ్చిందంటేనే కోడలికి సగం అర్థమైంది.

"పిన్ని మనవరాలికి సెలైను ఎక్కిస్తున్నారే అమ్మాయ్. నిన్న ఇద్దరు, ఇవాళ ఇది. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి." అత్తగారు ఊపిరి పీల్చుకుంది. "లైన్లో అందరూ నన్నడుగుతున్నారు. నీళ్ళు మంచివని రాసిచ్చింది నీ కోడలే కదా అని. నేనేం చెప్పను?"

ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పే మనిషి, తనకి మాట తోచలేదని ఒప్పుకోవడం కోడలు మొదటిసారి విన్నది.

*

లైనంటే రెండు వరసల ఇళ్ళు. వరసకి యాభై ఐదు. రెండిటికీ మధ్య ఒక మురిక్కాలవ, ఆ కాలవ పక్కనే పాతకాలపు ఇనప గొట్టం, దానికి నాలుగు కుళాయిలు. పొద్దున్న తొమ్మిదింటికి అరగంట, సాయంత్రం నాలుగింటికి అరగంట నీళ్ళొస్తాయి. ఆ కుళాయిలు తిప్పగానే నీళ్ళిచ్చే రకం కావు. ముందు దగ్గుతాయి, తర్వాత ఉమ్ముతాయి, ఆ తర్వాత నాలుగు పాత సంగతులు గుర్తు చేసుకుని అప్పుడు గానీ పని మొదలుపెట్టవు. నా వయసు వాళ్ళకి ఆ కుళాయిల మీద కోపం రాదు.

ఆ గొట్టం మార్చాలని మూడేళ్ళుగా అర్జీలు పెడుతుంటే, చివరికి ఈ ఏడాది కొత్త గొట్టాలొచ్చాయి. లైను మొదట్లో నీలం రంగువి గుట్టగా పోశారు. రెండు నెలలుగా పిల్లలు వాటిలో ఒక కొసనించి దూరి ఇంకో కొసనించి బయటికొచ్చి ఆడుకుంటున్నారు. తవ్వడం మాత్రం మొదలుకాలేదు. ముందు నీళ్ళు పరీక్ష చెయ్యాలన్నారు ఆఫీసువాళ్ళు. చెడ్డవని తేలితేనే గొట్టం వేస్తారట. పరీక్ష చెయ్యడానికి మనుషులు లేరు గనక, లైన్లో ఆడవాళ్ళకే నేర్పిస్తామన్నారు. జీతం ఉండదు. టీ ఉంటుంది.

పన్నెండుమంది ముందుకొచ్చారు. లైను చివర రేకుల హాల్లో అయిదు రోజుల శిక్షణ. నేర్పించడానికి వచ్చిన టీచరమ్మ మంచి మనిషి. నీళ్ళాఫీసులో ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఆవిడది. చేతులెలా కడుక్కోవాలి, నలుగురిలో నిలబడి ఎలా మాట్లాడాలి, కాగితం ఎలా రాయాలి, అన్నీ ఓపిగ్గా చెప్పింది.

మూడో రోజు పాఠం "కాదు" అనడం. టీచరమ్మ కుర్చీలో ఆఫీసరులా కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఇక్కడ సంతకం పెట్టండి" అనాలి. వీళ్ళు ఒక్కొక్కరూ వచ్చి, "కాదండీ, చదివాక పెడతాను" అనాలి. అంతే. మొదటావిడ నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తి, ఆ రోజుకి మళ్ళీ రాలేదు. రెండో ఆవిడ మా ఆయన్నడిగి చెప్తానంది. లైనంతా పిన్ని అని పిలిచే పెద్దావిడ అయితే, "పెడతాను గానీ అంత ఎండలో పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి" అంది. బొత్తాలక్క వంతు వచ్చింది. గొంతు సవరించుకుంది, చేతులు కట్టుకుంది, "అలాగేనండీ" అంది. మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ అదే మాట వచ్చింది. పదిహేనేళ్ళు మేస్త్రీకి చెప్పీ చెప్పీ నాలిక ఆ ఒక్క దారే మరిగింది. ఆ తర్వాత రెండు వారాలు లైన్లో పిల్లలు ఆమె కనబడితే చాలు "అలాగేనండీ" అని కోరసు పాడారు.

అయినా జట్టు పెద్దగా టీచరమ్మ ఆమెనే పెట్టింది. రాత ముత్యాల్లా ఉంటుంది, అయిదు రోజుల్లో ఒక్క రోజూ ఆలస్యంగా రాలేదు, పైగా ఆమె చెప్తే మిగతా పదకొండుమందీ వింటారు.

పరీక్ష సంగతి చెప్పాలి. బొటనవేలంత గాజు సీసా. అడుగున మందు పూసిన కాగితం ముక్క. అందులో కుళాయి నీళ్ళు గుర్తు దాకా పోసి మూత బిగించి, ఒక రోజంతా వెచ్చగా ఉంచాలి. మంచినీళ్ళయితే మందు కరిగిన తేనెరంగులోనే ఉండిపోతాయి. మురుగు కలిసిన నీళ్ళయితే కాటుకలా నల్లబడతాయి. వెచ్చగా ఉంచే పెట్టె ఆఫీసులో ఒకటే ఉంది, అదీ పాడైంది. కాబట్టి ఒంటి వేడి తగిలేలా నడుముకి కట్టుకోవాలి, కోడి గుడ్లని పొదిగినట్టు. బొత్తాలక్క షెడ్డులో మిగిలిన కాలరు గుడ్డ ముక్కలు తెచ్చి పన్నెండు చిన్న సంచులు కుట్టింది, ఒక్కోదానికి ఒక్కో బొత్తం. టీచరమ్మకి గుర్తుగా పదమూడోది కూడా కుట్టి ఇచ్చింది.

పన్నెండుమంది ఆడవాళ్ళు నడుముకి సీసాలు కట్టుకుని ఒక రోజంతా బతకడమంటే మాటలా. ఒకావిడ సీసా పగులుతుందని బోర్లా పడుకోలేదు, వెల్లకిలా పడుకోలేదు, గోడకి ఆని కూర్చునే తెల్లవార్చింది. ఇంకొకావిడ ఆ రోజంతా తుమ్ము ఆపుకుంటే, అది మర్నాడు ఆమె మొగుడికి వచ్చిందని చెప్తారు.

"కడుపుకి కట్టుకుని ఏం కంటారే? కప్పనా?" అని అడిగింది అత్తగారు.

మర్నాడు సాయంత్రం హాల్లో బల్ల మీద పన్నెండు సీసాలూ వరసగా పెట్టారు. పన్నెండూ తేనెరంగే. చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో ఎవరికీ తెలీదు. నీళ్ళు మంచివైతే గొట్టం రాదు కదా అన్న మాట ఆ ఊపులో ఎవరికీ తట్టలేదు. తమ లైను పరీక్ష పాసయిందనుకున్నారు. బొత్తాలక్క ముత్యాల్లాంటి రాతతో కాగితం నింపింది. ఆఖర్న అచ్చు వేసిన ఒక వాక్యం ఉంది: "ఈ నీటిని నా కళ్ళ ఎదుట, కుళాయి నుండి నేరుగా నింపారు." నింపింది పొద్దున్న తొమ్మిదింటికి. తొమ్మిదింటికి ఆమె షెడ్డులో ఉంది. మిగతా పదిమందీ ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. లాడ్జీలో గదులు తుడిచి ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చే పిన్ని ఒక్కతే నాలుగు కుళాయిల దగ్గరా నింపి, సాయంత్రం అందరికీ సీసాలు పంచింది. పిన్ని చేస్తే నేను చూసినట్టే కదా అనుకుని బొత్తాలక్క సంతకం పెట్టింది.

ఆఫీసు సంతోషం మాత్రం ఆమెకి కాస్త ఎక్కువగానే అనిపించింది. వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళ లారీ మరుసటి వారమే ఆగిపోయింది. మంచినీళ్ళున్నచోట లారీ ఎందుకన్నారు. కాలవ అవతల అయిదంతస్తుల మేడలు కడుతున్న కంట్రాక్టరు వచ్చి నీలం గొట్టాలని టేపుతో కొలుచుకుని పోయాడు. మూడు వారాలు గడిచాయి. వాన ఒకటి పడింది. పిల్లలకి విరేచనాలు మొదలయ్యాయి.

*

ఆసుపత్రిలో పిల్లల గది కిక్కిరిసి ఉంది. మంచానికి ఇద్దరు. పిన్ని మనవరాలికి మూడేళ్ళు. అరచేతికి చెక్క బద్ద కట్టి సూది గుచ్చారు. ఆ చెయ్యి కదలకుండా పిన్ని పట్టుకుని కూర్చుంది. లైన్లో పిన్ని శుభ్రం పేరు చెప్పి పిల్లల్ని బెదిరిస్తారు. సబ్బుని కూడా ఒకసారి కడిగి అప్పుడు వాడుతుందావిడ. అటువంటి మనిషి ఇంట్లో పిల్లకి కడుపు చెడడం ఏమిటని నర్సు అనలేదు గానీ, పిన్ని ముఖంలో ఆ ప్రశ్న పొద్దుట్నించీ ఉంది.

నర్సు చీటీ రాసుకుంటూ అడిగింది. తాగే నీళ్ళు ఎక్కడివి? మరగబెడతారా?

రోజూ ఎక్కడ మరగబెడతామమ్మా, గ్యాసుబండ పన్నెండువందలయింది, వంటకే నెల రావడం లేదు, అంది పిన్ని. అని, బొత్తాలక్క వైపు తిరిగి, ఆమెకి ధైర్యం చెప్తున్నట్టుగా అంది:

"నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా. ఆఫీసువాళ్ళ సీసాల్లో మాత్రం నేను ఊరికే పొయ్యలేదు. మూడు పొంగులు మరగనిచ్చి, చల్లారాక, ఉతికిన గుడ్డలో వడగట్టి మరీ పోశాను. పెద్దవాళ్ళ చేతికి వెళ్ళేవి, మన పరువు కదా."

నర్సు కలం ఆగింది.

అయిదు రోజుల శిక్షణ బొత్తాలక్క కళ్ళ ముందు తిరిగింది. చేతులు కడుక్కోండి అన్నారు. మూతలో వేలు పెట్టకండి అన్నారు. సీసా శుభ్రం, చెయ్యి శుభ్రం, గుడ్డ శుభ్రం అన్నారు. శుభ్రం, శుభ్రం అని అయిదు రోజులు చెవిలో పోస్తే, జన్మంతా వచ్చినవాళ్ళకి ఉన్నదాంట్లో మంచిది తీసిపెట్టిన మనిషి ఇంకేం చేస్తుంది? నీళ్ళని మురికిగానే పంపండి అని ఎవరూ చెప్పలేదు. అడగాలని తనకీ తోచలేదు. కళ్ళ ఎదుట నింపారు అని మాత్రం రాసింది.

పిన్నికి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగింది. పిన్ని బొటనవేలు పిల్ల మణికట్టు మీద నెమ్మదిగా కదులుతోంది, నాడి ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

"నేను సాయంత్రం మళ్ళీ వస్తాను పిన్నీ" అని బయటికొచ్చింది.

మెట్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. జరిగిందంతా విన్నది. ఆ పైన, నాలుగింటికి నీళ్ళాఫీసువాళ్ళు జట్టుకి డాలిచ్చే సభలో ఏం చెప్తావని అడిగింది. తెలీదంది కోడలు.

*

రెండున్నరకి రేకుల హాల్లో కుర్చీలు వేస్తున్నారు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద ఒక చెక్క డాలు. "ఉత్తమ మహిళా నీటి జట్టు" అని ఇత్తడి రేకు మీద చెక్కారు. పక్కన అట్టపెట్టెలో పన్నెండు కొత్త సీసాలు. నీళ్ళాఫీసు పెద్దసారు తన చేతుల మీదుగా పంచుతారట. దానికీ పక్కన ఒక కాగితం. లైనుకి కొత్త గొట్టం అవసరం లేదని, జట్టు పరీక్షలో నీళ్ళు మంచివని తేలిందని, జట్టు పెద్ద సంతకం చెయ్యడానికి చుక్కల గీత.

లైను మొదట్లో మేడల కంట్రాక్టరు లారీ వచ్చి నిలబడి ఉంది. నలుగురు కూలీలు గొట్టాల నీడలో పడుకుని ఉన్నారు. సంతకం పడ్డాక ఎక్కించాలని వాళ్ళకి చెప్పారు.

బొత్తాలక్క చెప్పిందంతా టీచరమ్మ విన్నది. విని, కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. తన పాఠాల పుస్తకం తెరిచి, నీళ్ళ పరీక్ష ఉన్న పేజీ పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. మరగబెట్టకూడదన్న మాట అందులో లేదు.

తలుపు దగ్గరికి వేసి వచ్చింది. గొంతు తగ్గించి చాలా చెప్పింది. ఇప్పుడు తప్పు జరిగిందంటే ఆఫీసు ఏమంటుందో తనకి తెలుసంది. చదువురాని ఆడవాళ్ళకి సీసాలిస్తే ఇంతేనంటారు. ఇంకా నలభై లైన్లలో శిక్షణ మొదలవ్వాలి, అది ఇక్కడితో ఆగిపోతుంది. పిన్ని పేరు కాగితాలకెక్కుతుంది. పిల్ల అలా ఉండగా ఆవిణ్ణి పిలిచి అడుగుతారు. నువ్వు చూడకుండా చూశానని రాశావు, నీ మీద కేసు పెట్టినా పెడతారు. తన సంగతి చివర్న చెప్పింది, అదీ తలొంచుకుని. ఈ నెలాఖరుకి తన పొడిగింపు కాగితం మీద పెద్దసారే సంతకం పెట్టాలి. ఇంట్లో తనొక్కదాని జీతమే.

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అదే బొత్తాలక్కకి ఊపిరాడనివ్వలేదు. అబద్ధం చెప్పేవాళ్ళతో అయితే పోట్లాడచ్చు.

"ఇవాళ్టికి పెట్టెయ్యి. రెండు నెలలాగి, నీళ్ళ రంగు మారిందని మనమే కొత్త అర్జీ పెడదాం. నేనే రాసిస్తాను" అంది టీచరమ్మ.

"గొట్టాలు ఇవాళే వెళ్ళిపోతాయి కదమ్మా."

"మళ్ళీ తెప్పిద్దాం."

"ఇవి రావడానికి మూడేళ్ళు పట్టింది."

టీచరమ్మ పాఠాల పుస్తకం మూసింది. ఆవిడ నడుము దగ్గర కాలరు గుడ్డ సంచి కనబడుతోంది. ఇవాళ సభ కదా అని కట్టుకొచ్చింది. అందులో తాళాలు వేసుకుంది.

బొత్తాలక్క అలాగేనండీ అనలేదు. కాదండీ అని కూడా అనలేదు. లేచి వెళ్ళి, మిగిలిన కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. చేతులకి పని దొరికితే గానీ ఆమెకి బుర్ర పనిచెయ్యదు.

*

నాలుగింటికి పది నిమిషాలుందనగా పెద్దసారు వచ్చాడు. మంచి మర్యాదస్తుడు. అందర్నీ అమ్మా అమ్మా అని పలకరించాడు. ఆయన నవ్వు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది, ఎక్కడా ముడత ఉండదు. జట్టులో పిన్ని తప్ప పదకొండుమందీ ముందు వరసలో కూర్చున్నారు. వెనక లైనువాళ్ళు కూర్చున్నారు. సగం మంది డాలు చూడ్డానికి, సగం మంది బొత్తాలక్క ముఖం చూడ్డానికి వచ్చారు. ఆసుపత్రిలో ముగ్గురు పిల్లలున్నారన్న సంగతి హాల్లో అందరికీ తెలుసు. పెద్దసారుకి కూడా తెలుసు. ఆయన ఉపన్యాసంలో ఆ మాట రాలేదు. స్త్రీశక్తి వచ్చింది, స్వచ్ఛంద సేవ వచ్చింది, ఇంటిని దిద్దే చెయ్యే ఊరిని దిద్దుతుందన్నది రెండుసార్లు వచ్చింది.

తర్వాత జట్టు పెద్దని పైకి రమ్మన్నారు. ఆమె వెళ్ళి బల్ల దగ్గర నిలబడింది. పెద్దసారు తన కలం మూత తీసి ఇచ్చాడు.

"ఇదిగో ఇక్కడమ్మా. ఒక్క సంతకం. ఆ పైన డాలు తీసుకుందురుగాని."

కలం చేతిలోకి వచ్చింది. అలవాటు కూడా వచ్చేసింది.

"అలా..." అంది బొత్తాలక్క.

ముందు వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. మొగుడికి తుమ్ము అంటించినావిడ కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే బయట, హాలు గోడకానుకుని ఉన్న నాలుగో కుళాయి దగ్గింది. ఒకసారి దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గింది. నాలుగయింది. గోడ అవతల బిందెల చప్పుడు మొదలైంది. నీళ్ళు చెడ్డవో మంచివో తేలేలోపు ఇంకో రోజుకి పట్టుకోవాలి కదా.

ఆమె కలం కాగితం మీద పెట్టలేదు. పక్కన పెట్టింది.

"కాదండీ" అంది.

గొంతు సన్నగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. పెద్దసారుకి వినపడలేదో, విని నమ్మలేదో, ఏమిటమ్మా అన్నాడు.

"కాదండీ. పెట్టను. మొదట పెట్టిన సంతకం తప్పండీ. నా కళ్ళ ఎదుట నింపారని రాశాను. అప్పుడు నేను షెడ్డులో బొత్తాలు కుడుతున్నాను." ఆమె జనం వైపు తిరిగింది. ఆ వైపు చూడ్డమే కష్టం. "ఆ సీసాల్లోవి కుళాయి నీళ్ళు కావు. మరగబెట్టి వడగట్టిన నీళ్ళు. అందుకే నల్లబడలేదు. మన పిల్లలు తాగింది ఆ నీళ్ళు కాదు."

వెనకనించి ఒక మగగొంతు, మరగబెట్టిందెవరు అంది. పెద్దసారు ఆ ప్రశ్న అందుకున్నాడు. చాలా మెత్తగా, ఎవరు చేశారమ్మా ఆ పని అని అడిగాడు. టీచరమ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించింది.

"సంతకం నాది సార్. అడగాల్సింది నన్నే."

బొత్తాలక్క అట్టపెట్టె మూత తీసింది. పెద్దసారు పంచాల్సిన సీసాలు ఆమే తీసుకుంది. ముందు వరసలో పదిమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శిక్షణ రోజున నవ్వాపుకోలేక పారిపోయినావిడ మొదట లేచింది. ఈసారి నవ్వడం లేదు. ఆమె వెనక రెండో ఆవిడ, మొగుణ్ణి అడక్కుండానే లేచింది. అందరూ కలిసి బయటికి నడిచారు. వెనక లైనంతా నడిచింది. ఖాళీ కుర్చీల ముందు కూర్చోలేక పెద్దసారు కూడా గుమ్మం దాకా వచ్చాడు.

బొత్తాలక్క బిందెలవాళ్ళని పక్కకి జరగమంది. కుళాయి కింద ఒక్కో సీసా పెట్టి గుర్తు దాకా నింపింది. ఆ నీళ్ళు కంటికి తెల్లగానే ఉన్నాయి. అదే వాటితో వచ్చిన చిక్కు. మూత బిగించి, ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. కాలరు గుడ్డ సంచులు తెరుచుకున్నాయి, సీసాలు లోపలికెళ్ళాయి, బొత్తాలు పడ్డాయి. చివర్న తన సీసా కట్టుకుంది. బొత్తం రెండోసారికి పడింది. పదిహేనేళ్ళలో ఒక్క బొత్తం కూడా ఆమె చేతిలో అలా తిరగబడలేదు.

"రేపు నాలుగింటికి ఇక్కడే విప్పుతాం సార్. సీసా ఏ రంగు చూపిస్తే ఆ రంగు రాసి సంతకం పెడతాను. అప్పటిదాకా గొట్టాలు కదలకూడదు."

పెద్దసారు నవ్వుకి మొదటి ముడత పడింది. ఆఫీసు పనులకి ఒక పద్ధతుంటుందన్నాడు. ఇటువంటి పరీక్షలు చెల్లవన్నాడు. పాత కాగితం చాలు, కొత్త సంతకం లేకపోయినా పని ఆగదన్నాడు. లైను మొదలు వైపు చూసి, లారీవాడికి చెయ్యూపాడు.

చెయ్యూపితే కూలీలు లేచారు గానీ, గొట్టాల దగ్గరికి పోలేకపోయారు. అత్తగారు అప్పటికే వాటి మీద ఎక్కి కూర్చుంది. ఈసారి చెప్పులు వేసుకునే వచ్చింది. ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. వాళ్ళు దిగమన్నట్టున్నారు. ఆవిడ ఇచ్చిన జవాబు మాత్రం నాలుగు కుళాయిల దగ్గరా వినబడింది.

"రేపు నాలుగింటికి దిగుతాను. ఈలోగా ఎక్కించాలంటే నన్ను కూడా కలిపి ఎక్కించండి. బరువు ఎక్కువేమీ ఉండను, నోరే కొంచెం బరువు."

ఎవరో నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇద్దరు ముసలివాళ్ళు, ఆసుపత్రిలో పిల్ల ఉన్న ఒక తండ్రి, అటు నడిచారు.

బొత్తాలక్క చేతిలో ఒక సీసా మిగిలింది. పిన్నిది. నీళ్ళు నింపి ఉంది, మూత బిగించి ఉంది, కట్టుకోవడానికి నడుము లేదు. ఒంటి వేడి తగలకపోతే అది ఎన్ని రోజులున్నా నిజం చెప్పదు. ఆమె హాల్లోకి తిరిగొచ్చి, బల్ల మీద సంతకం లేని కాగితం పైన ఆ సీసాని నిలబెట్టింది. కాగితం మీద గుండ్రంగా తడి అంటింది.

"ఇది పిన్ని సీసా సార్. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది, రాలేదు. ఇవాళ్టికి దీన్ని ఇంకెవరైనా కట్టుకోవాలి."

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుని, పక్కకి తిరిగాడు. ఆయన ముందునించి పోయే ఆడవాళ్ళు నడుము దగ్గర ఒక అరచెయ్యి ఆనించుకుని, నెమ్మదిగా, కాలు జారకుండా నడుస్తున్నారు. బయట కుళాయి అరగంట అయిపోవస్తోంది, ధార సన్నబడుతోంది. లారీవాడు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఎక్కించాలా వద్దా అని అరిచాడు.

టీచరమ్మ ఇంకా బల్ల పక్కన తన కుర్చీలోనే ఉంది. చాలాసేపు ఆ సీసా వైపే చూసింది. నడుము దగ్గర సంచి బొత్తం విప్పి, తాళాల గుత్తి తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. ఖాళీ సంచి నోరు తెరుచుకుని ఉంది. చెయ్యి సీసాకి జానెడు దూరంలో తెల్లగుడ్డ మీద ఆగింది. పెద్దసారు ఫోను పెట్టేసి, ఇటు తిరుగుతున్నాడు.